చేతిలో లెక్కపెట్టిన చిల్లర

ఐదు గుండీలు కుట్టాక ఆరోదాన్ని కూడా అదే అట్టముక్క మీద కుట్టి, వెర్నా ట్రెంబాత్ దారాన్ని పళ్లతో తెంపింది. ఆరోదానికి డబ్బు లేదు. ఐదు కొన్నవాళ్లకి ఒకటి ఊరికే ఇవ్వడం పెన్‌రోజ్ గారి బట్టల కొట్టు పద్ధతి. ఆ కొట్టు మూతబడి పదకొండేళ్లయింది. అమ్ముడుపోని గుండీల పెట్టెలన్నీ ఆఖరి నెల జీతం కింద వెర్నాకి వచ్చాయి. వాటితో పాటు ఆ పద్ధతీ వచ్చింది.

అట్టని మెత్తటి కవరులో పెట్టి అంటించి, బల్ల అంచున మేకుకి వేలాడే ఇంకో అట్టని అందుకుంది. దాని మధ్యలో బ్లేడుతో కోసిన సందు ఉంది. సరిగ్గా రెండు సెంటీమీటర్లు. కవరు ఆ సందులోంచి జారితే ఉత్తరం, జారకపోతే పార్సిల్. ఉత్తరమైతే మూడు డాలర్ల నలభై, పార్సిలైతే పదకొండు పైమాటే. మధ్యలో తేడా గోరంత. కవరు నడుం దగ్గర ఇరుక్కుంది. వెర్నా అరచేత్తో దాన్ని అదిమి, గాలి వదిలించి, మళ్లీ తోసింది. ఈసారి దూరింది.

అరవై తొమ్మిదేళ్ల మనిషి. సన్నగా, పొడుగ్గా, చెవి వెనక పెన్సిలుతో ఉంటుంది. ముప్ఫై ఒక్క ఏళ్లు కత్తెర పట్టిన బొటనవేలికి ఓ పక్క సొట్ట పడింది. ఆస్ట్రేలియా తీరాన ఉన్న చిన్న ఊరు వాలరూలో ఆమెని ఎరగనివాళ్లు లేరు, అలాగని ఆమె గురించి చెప్పుకోవడానికీ ఎవరి దగ్గరా ఏమీ లేదు. ఒక్కటి మాత్రం చెప్పుకునేవాళ్లు. ఓసారి ఎవరో రైతు భార్య పది సెంట్ల చిల్లర మర్చిపోయి వెళ్తే, వెర్నా మెడలో కొలతల టేపుతోనే రేవు జెట్టీ దాకా పరుగెత్తి, ఆవిడ అరచెయ్యి తెరిపించి అందులో పెట్టి వచ్చిందట.

టీ కలుపుకుని ఫోను తెరిచింది. ఆన్‌లైన్‌లో ఆమె గుండీల కొట్టు పేజీ ఉంది. పదకొండేళ్లలో రెండు వేల పైచిలుకు బేరాలు, ఒక్కరూ వంక పెట్టలేదు. ఇవాళ ఆ పేజీ నెత్తిన ఎర్రటి గుర్తు ఉంది. పక్క రాష్ట్రంలోని టామ్‌వర్త్ నుంచి కొరీన్ ఫెన్‌విక్ అనే ఆవిడ రాసింది.

"గుండీలు బాగున్నాయి. కవరు మీద స్టాంపు మూడు నలభై. నా దగ్గర తీసుకున్నది ఐదు డాలర్లు. తపాలా పేరు చెప్పి జేబులో వేసుకునే రకం. జాగ్రత్త."

వెర్నా మూడుసార్లు చదివింది. టీ చల్లారిపోయింది. ఆమెకి కోపం కన్నా ముందు సిగ్గు వేసింది, ఎవరో నలుగురిలో తన సంచీ తిరగేసి వెతికినట్టు. ఆ తర్వాత వచ్చింది కోపం.

ఆ డాలరు అరవై ఎక్కడికి పోయిందో ఆ మహాతల్లికి ఎవరు చెప్పాలి? గుండీల ధర మీద ఆ పేజీ నడిపే సైటువాడికి వాటా. సరే, చోటిచ్చాడు, తీసుకుంటాడు. కానీ తపాలా ఖర్చు మీదా వాటా తీసుకుంటాడు. స్టాంపు వాడు అంటించాడా? తపాలా ఆఫీసుకి వాడు నడిచాడా? పైగా ప్రతి బేరానికీ విడిగా ఇంకో రుసుము, ఆ రుసుముల మీద పన్ను. మెత్తటి కవరు, టేపు ఎలాగూ ఆమె నెత్తినే. అన్నీ పోగా డాలరు అరవైలో మిగిలేది గుండుసున్నా. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అని ఊరికే అన్నారా.

అది చాలనట్టు పోయిన నెల పన్నులవాళ్ల ఉత్తరం. మీరు చేసేది సరదానా, వ్యాపారమా, ఒక గడిలో టిక్కు పెట్టండి అని. దమ్మిడీ ఆదాయం లేదు, క్షణం తీరిక లేదు, దీన్ని ఏ గడిలో పెట్టాలో వెర్నాకి అర్థం కాలేదు. బొంతలు కుట్టే అమెరికా ఆవిడ ఒకరు, ఒహాయో నుంచి, ఏడేళ్లుగా కొనేది. అక్కడ చిన్న పొట్లానికి కూడా సుంకం పడుతోందని, గుండీల కన్నా సుంకమే ఎక్కువైందని, క్షమించమని రాసి మానేసింది. ఇవన్నీ వెర్నా ఓర్చుకుంది. నష్టం వస్తే నష్టం. దొంగ అన్న మాట మాత్రం పేజీ మీద ఉండటానికి వీల్లేదు.

సైటు సహాయ విభాగానికి రాసింది. నిమిషంలో జవాబు.

"మీ ఆవేదన మాకు అర్థమైంది. సదరు అభిప్రాయం మా నియమాలకు లోబడే ఉంది."

ఆమె మళ్లీ రాసింది, ఈసారి లెక్క విడమర్చి. అదే జవాబు, అదే ఆవేదన, ఒక్క అక్షరం మారలేదు. మూడోసారి రాస్తే, మా సేవ ఎలా ఉందో ఐదు నక్షత్రాలలో తెలపండి అని వచ్చింది. వెర్నా ఫోన్ని రొట్టెల డబ్బాలో పడేసి మూత పెట్టింది.

కాసేపటికి మళ్లీ తీసింది. కొన్నవాళ్లకి డబ్బు తిరిగి పంపడానికి అందులో ఒక మీట ఉంది. వేలు దాని మీద పెట్టి, తీసేసింది. పెన్‌రోజ్ కొట్టులో రెండో పద్ధతి ఒకటుండేది. చిల్లర బల్ల మీద పడెయ్యకూడదు. కొన్నవాళ్ల అరచేతిలో, ధర దగ్గర మొదలుపెట్టి ఇచ్చిన నోటు దాకా పైకి లెక్కపెడుతూ, ఒక్కో నాణెం పెట్టాలి. అలా లెక్కపెట్టిన చేతిని ఎవరూ అనుమానించరు అనేవాడు ముసలి పెన్‌రోజ్. ఆయన అబద్ధాలు చాలా ఆడేవాడు గానీ ఇది మాత్రం నిజం.

అట్టముక్క ఒకటి తీసుకుంది. ఒక డాలరు, ఒక యాభై సెంట్లు, ఒక పది సెంట్లు, మూడింటినీ వరసగా టేపుతో అంటించింది. కాగితం తీసి రెండు వైపులా రాసింది. సైటు వాటా ఎంత, పన్నెంత, కవరెంత. చివర, "ఇందులో నాకు మిగిలింది లేదు. అయినా మీకు అనుమానం వచ్చింది కాబట్టి ఇది మీ చిల్లర. లెక్కపెట్టుకోండి" అని ముగించింది.

తపాలా ఆఫీసుకి పది నిమిషాల నడక. ధాన్యం గోదాముల వైపు నుంచి దుమ్ము గాలి. లోపల కౌంటరు వెనక రేలీన్, కౌంటరు ముందు వెర్నా పక్కింటి క్లెమ్ హాస్కింగ్. గోదాముల్లో పనిచేసి రిటైరైన క్లెమ్, పని లేకపోయినా రోజూ వచ్చి అక్కడ నిలబడతాడు.

రేలీన్ కవరు పట్టుకుని వంచి చూసింది. "ఏముంది ఇందులో?"

"చిల్లర. డాలరు అరవై."

"ఇది వంగట్లేదు తల్లీ. వంగనిది చిన్న ఉత్తరం కింద పోదు. మూడు నలభై అవుతుంది."

"తెలుసు."

"డాలరు అరవై పంపడానికి మూడు నలభయ్యా?" అన్నాడు క్లెమ్. "నాకివ్వు వెర్నా. రెండు డాలర్లిస్తే టామ్‌వర్త్ దాకా నడిచెళ్లి నేనే ఇచ్చొస్తా."

"నువ్వెళ్తే దారిలో పబ్బులన్నీ పలకరించాలిగా. ఆవిడ మనవరాలికి అందుతుంది."

రేలీన్ నవ్వు ఆపుకుని, "ఫోన్లోనే వెనక్కి పంపెయ్యొచ్చు కదా. ఒక్క నొక్కు," అంది.

"నొక్కితే ఆవిడకి అంకె కనపడుద్ది. నేను కనపడతానా?"

"ఆవిడెవరో నీకేమన్నా చుట్టమా? నాలుగు రోజులు పోతే మర్చిపోతుంది."

"ఆవిడ మర్చిపోతుందే. రాసింది అక్కడే ఉంటుంది. వచ్చినోళ్లందరూ ముందు అదే చదువుతారు. ముప్ఫై ఏళ్లు గల్లాపెట్టె దగ్గర నిలబడ్డాను రేలీన్, ఒక్క సెంటు అటూ ఇటూ కాలేదు. ఇప్పుడు మొహం కూడా చూడని మనిషి చేత దొంగ అనిపించుకోనా?"

క్లెమ్ గోడ మీది క్యాలెండరు చూడటం మొదలుపెట్టాడు. రేలీన్ స్టాంపు అంటించి ముద్ర గుద్దింది.

వెర్నా ఐదు డాలర్ల నోటిచ్చింది. రేలీన్ చిల్లర బల్ల మీద పెట్టబోతుంటే, వెర్నా అరచెయ్యి చాపి అలాగే నిలబడింది. ఇది ఆ ఆఫీసులో రోజూ ఉండే తంతే.

"ఖర్మ," అని గొణుక్కుంటూ రేలీన్ లెక్కపెట్టింది. "మూడు నలభై. మూడు యాభై. నాలుగు. అయిదు. సరిపోయిందా?"

"సరిపోయింది."

"అదే డాలరు అరవై మళ్లీ నీ చేతికే వచ్చింది చూడు," అన్నాడు క్లెమ్. "ఇంతోటి దానికి ఎందుకే ఈ తిరుగుడు?"

"నీకు చెప్పినా, ఆ సముద్రానికి చెప్పినా ఒకటే," అని వెర్నా వచ్చేసింది.

మధ్యాహ్నం మాంసం కూరిన పేస్టీ సగం తిని, సగం మూతేసి పెట్టింది. కొత్త బేరాలు రెండు వచ్చాయి. రెండు అట్టల మీదా గుండీలు కుట్టింది, ఊరికే ఇచ్చేవి కూడా. తర్వాత పేజీ తెరిచి, తపాలా ఖర్చు ఐదు ఉన్నచోట మూడు నలభై అని మార్చింది. ఇకమీదట స్టాంపు ఎంతో అంతే. సైటు వాటా, కవరు, టేపు అన్నీ తన మీదే. ఒక్కో బేరానికి చేతి డబ్బు పడుతుందని ఆమెకి తెలుసు. తెలిసే మార్చింది. మొండిది. ఆ మార్పు చేశాక ఆమెకి ఎంత హాయిగా అనిపించిందంటే, కిటికీ పక్క కుర్చీలో చేరగిలబడి, వెలుతురు ఇంకా ఉండగానే కళ్లు మూసుకుంది.

మర్నాడు పొద్దున క్లెమ్ రెండు పీతలు తెచ్చి తలుపు కొట్టాడు. లోపల రేడియో మోగుతోంది. వెనక తలుపు తోసుకుని వెళ్లి చూసి, పీతల బకెట్టు కింద పెట్టి, ఆమె ఎదురుగా కాసేపు కూచుని, అప్పుడు డాక్టరుకి ఫోన్ చేశాడు. గుండె నిద్రలోనే ఆగిందని, బాధపడి ఉండదని డాక్టరు చెప్పాడు. శనివారం మెథడిస్టు చర్చిలో ఇరవై మంది దాకా వచ్చారు. అడిలైడ్ నుంచి చెల్లెలి కూతురు వచ్చి ఇల్లు సర్దింది. ఆ పిల్ల చూసుకునేసరికి ఫోన్లో సైటువాడి హెచ్చరికలు మూడున్నాయి. రెండు బేరాలు ఆలస్యమయ్యాయట, అందుకని అమ్మకందారుగా మీ స్థాయి తగ్గించామన్నాడు. ఎర్రటి గుర్తు మాత్రం ఆ పేజీ మీద లేదు. అక్కడ అలాంటిదొకటి ఉండేదని ఆ పిల్లకి తెలియదు.

పై వారం టామ్‌వర్త్ నుంచి పోస్టుకార్డు వచ్చింది. ఒకవైపు గుర్రాల బొమ్మ. రెండోవైపు రాసింది రేలీన్ చదవకూడదు. చదివింది.

"మిసెస్ ట్రెంబాత్ గారికి, మీ చిల్లర అందింది. ఆ కవరు మీద మీరు అంటించిన స్టాంపు చూసి తల ఎత్తుకోలేకపోయాను. నేను రాసింది తీసేశాను. అంత చిన్న కవరుకి కూడా తపాలా ఇంత పెరిగిందని నిజంగా తెలియదు. కొరీన్ ఫెన్‌విక్."

తెలియదన్న మాట నిజమే. కార్డు మీద ఆవిడ అంటించింది ఎప్పటిదో పాత ధర స్టాంపు. ఇరవై సెంట్లు తక్కువ. తీసుకునేవారు కట్టాలని దారిలో ఎవరో పసుపు చీటీ అంటించారు. రేలీన్ తన పర్సులోంచి ఇరవై సెంట్లు తీసి గల్లాలో వేసింది, వేస్తూ ఎందుకో అంకె పైకి అంది. చీటీని గోరుతో గీకి చూసింది గానీ అది ఊడిరాలేదు.

చెల్లెలి కూతురు అప్పటికే వెళ్లిపోయింది. ఎవరికివ్వాలో తెలియక కార్డుని కౌంటరు మీది తూకం మిషను పక్కన నిలబెట్టింది. గుర్రాల బొమ్మ గోడవైపుకీ, పాత స్టాంపూ ఇరవై సెంట్ల చీటీ వచ్చేపోయేవాళ్ల వైపుకీ తిరిగి, అది ఇంకా అక్కడే ఉంది.