వైర్లు చుట్టే చేతులు

"వైర్లు చుట్టేదానికి చేతులుంటే సాలు, నోరెందుకు?" అంటుంది మా అత్త కదిరమ్మ. పెళ్ళిళ్ళ నుంచి తిరిగొచ్చిన వైర్లను మోచేతికీ బొటనవేలికీ మధ్య వేసి చుట్టలు చుట్టడం, మైకుల మీద ఎవరెవరి ఎంగిలో తుడవడం, బాక్సుల మీది గుడ్డలు ఉతకడం నా పని. హిందూపురంలో మంజునాథ్ మైక్ సెట్ అంటే తెలియనివాళ్ళు లేరు. బోర్డు మీద మా ఆయన పేరు, రసీదు మీద మా ఆయన పేరు. బాక్సులు మాత్రం నేను కువైట్‌లో ఆరేళ్ళు ఒకరింట్లో అంట్లు తోమితే వచ్చినవి. ఆ సంగతి ఊళ్ళో ఎవరికీ తెలియదు. నా కూతురికి కూడా తెలియదు.

నేను విమానం ఎక్కేనాటికి పవిత్రకు రెండేళ్ళు. "పెండ్లాన్ని అరబ్బోళ్ళ ఇంటికి పంపినాడంటే నా మర్యాద ఏం గావాల?" అని, నేను ధర్మవరంలో పుట్టింట్లో మగ్గం నేస్తున్నానని ఆయన ఊరంతా చెప్పాడు. పంపేటప్పుడు గుర్తురాని మర్యాద పంపాక గుర్తొచ్చింది. మా పుట్టింటివాళ్ళూ పరువు పరువని నోళ్ళు కుట్టేసుకున్నారు. తిరిగొచ్చిన రోజు నా పెట్టె ఇంకా వాకిట్లోనే ఉంది, నిద్రపోతున్న పవిత్ర తల మీద నా చెయ్యి పెట్టించి ఒట్టు వేయించుకున్నాడు. "కువైట్ మాట ఎత్తినావంటే ఈ బిడ్డకేమన్నా అయితే నీదే పాపం." ఆరేళ్ళ తర్వాత నా బిడ్డను నేను మొదటిసారి తాకింది అందుకు. అయినా ఒట్టు వేశాను. బిడ్డ తల మీద చెయ్యి పెట్టించాక ఏ తల్లి ఎదురు తిరుగుతుంది? అది వాళ్ళకు బాగా తెలుసు.

ఒకసారి తల దువ్వుతుంటే పవిత్ర అడిగింది. "పెనుకొండ దాటితే ధర్మవరమే గదమ్మా. పొద్దున రైలెక్కితే మధ్యానానికి వస్తావు. ఒక్కసారన్నా నన్ను సూడాలనిపించలేదా నీకు?" వంటింట్లోంచి మా అత్త, "మీయమ్మకు మగ్గమే బిడ్డ లేమ్మా" అంది. ఆ రోజు ఆమె గొంతు పిసకాలనిపించింది. పిసకలేదు. జడ వేసి రిబ్బను కట్టాను.

కువైట్ గొప్పదని నేననను. మేడమ్ నా పాస్‌పోర్టు బీరువాలో పెట్టి తాళం వేసుకుంది, అన్నం మాడితే చెంప వాయించింది. కానీ ఆ ఇంటి ముసలామె, మేడమ్ తల్లి, ఆడవాళ్ళ పెళ్ళిపందిళ్ళలో పాటలు పాడేది. అక్కడ ఆడవాళ్ళ పందిట్లోకి మగవాడు రాడు. పాడేదీ వాయించేదీ ఆడేదీ అంతా ఆడవాళ్ళే. పలక డప్పులాంటి వాయిద్యం, 'తార్' అంటారు, నా చేతికిచ్చి దరువు నేర్పించింది. అంట్లూ బట్టలూ కాక ఈ చేతులకు ఇంకోటి వచ్చని నాకు తెలిసింది ఆ పందిళ్ళలోనే.

రెండువేల ఐదులో అశ్విని అనే అమ్మాయి పెళ్ళి రిసెప్షన్‌కు మా మైక్ సెట్టే మాట్లాడుకున్నారు. ఆమె అన్న అభిషేక్ బెంగుళూరులో చదువుతూ ఒక బ్యాండు పెట్టాడట. కంప్యూటరు, కీబోర్డు అతనివి. తంబురా బుర్రకు తమ్ముడిలాంటి ఊద్ అనే వాయిద్యం ఒక యెమన్ కుర్రాడిది. పాడేది మోనా, సూడాన్ పిల్ల, పెరిగింది మాత్రం కువైట్‌లో. మధ్యాహ్నం మండపంలో వాళ్ళు సరిచూసుకుంటుంటే నేను బాక్సు వెనక వైరు లాగుతున్నాను. కంప్యూటరు దబదబా కొట్టే దెబ్బల మీద మోనా ఎత్తుకుంది. ముసలామె పాడిన పెళ్ళిపాటే. నా చేతులు నన్నడగలేదు. పక్కనున్న ఖాళీ డబ్బా మీద దరువు పడిపోయింది. మోనా పరిగెత్తుకొచ్చి అరబ్బీలో ఎక్కడ నేర్చుకున్నావంది. నేనూ అరబ్బీలోనే, పెద్దామె నేర్పించిందన్నాను.

అభిషేక్ నోరు తెరిచాడు. "యక్కా, నీకు అరబ్బీ వస్తాదా?"

మా ఆయన నవ్వుకుంటూ వచ్చాడు. "టీవీలో సూసి ఏదో అంటాది లేప్పా." సాయంత్రం ఆమె మాతో వాయించాల్సిందేనని అభిషేక్ పట్టుబట్టాడు. గిరాకీ ముందు కాదనలేక మా ఆయన సరేనని, నన్ను మెట్ల కిందికి పిలిచాడు. "కొట్టేది కొట్టు. నోరు తెరిచినావంటే ఒట్టు యాదికి తెచ్చుకో, ఏమ్మే."

సాయంత్రం మోనా తన తార్ నా ఒళ్ళో పెట్టింది. నేను కొడుతున్నాను, ఊద్, కంప్యూటరు వినబడుతున్నాయి, నా దెబ్బ ఒక్కటీ బాక్సుల్లోంచి రావడం లేదు. మా ఆయన వైపు చూశాను. మిక్సర్ మీద నా మైకు సౌండు మీట ఆయన బొటనవేలి కింద అడుక్కంటా ఉంది. నా బాక్సుల్లో నా దరువుకు చోటు లేదు. పాట అయ్యాక అభిషేక్ మైకులో, "ఈ యక్క యాడ నేర్చుకుందో ఆమెనే చెప్తాది" అన్నాడు. నేను నోరు తెరిచాను. కింద నుంచి మా ఆయన గొంతు బాక్సులన్నిట్లో మోగింది. "ధర్మవరంలో, పుట్టింట్లో ఉండేటప్పుడు భజనల్లో నేర్చుకునిందండీ!" జనం చప్పట్లు కొట్టారు. ముందు వరుసలో మా అత్త పక్కన కూర్చున్న పవిత్ర తల దించుకుంది. నన్ను చూడకుండా ఆరేళ్ళు అక్కడ భజనలు చేసుకుంటా ఉన్నావా అని ఆ తల అడుగుతోంది.

ఇంక చాలు. ఒట్టు తీసి గట్టున పెట్టాను. ఏ వైరు ఎక్కడుందో ఆ మండపంలో నాకంటే బాగా ఎవరికి తెలుసు, వేసింది నేనే కదా. స్టేజీ మూలకు పోయి మెయిన్ పిన్ను పీకాను. బాక్సులు చచ్చిపోయాయి. మా ఆయన మైకు పట్టుకుని ఏదేదో అరుస్తున్నాడు, అది మొదటి వరుసకు కూడా చేరలేదు. నేను తార్ ఎత్తిపట్టి ఒక్క దెబ్బ వేశాను. మండపం నిశ్శబ్దమైంది.

"పవిత్రా, నేను ధర్మవరంలో లేనమ్మా. కువైట్‌లో ఉన్నా. ఒకరింట్లో అంట్లు తోముతా ఉన్నా. ఈ బాక్సులు ఆ కష్టమే. రైలెక్కితే వచ్చే ఊరు గాదు తల్లీ అది."

మా అత్త రెండు చేతులతో నెత్తి కొట్టుకుంది. "బిడ్డ మీద ఒట్టు తప్పితివి గదే" అంది. బిడ్డకేమీ కాలేదు. కుర్చీలు తోసుకుంటూ స్టేజీ మీదికి వచ్చి, నా చెయ్యి తీసుకుని తన తల మీద పెట్టుకుంది.

ఆ రోజు వైర్లు మంజునాథే చుట్టుకున్నాడు.