ముందుగది మంట

ఆవిరి కక్కుతున్న పెద్ద ఇస్త్రీ యంత్రంలోకి నెస్టా ఆసుపత్రి దుప్పట్లను ఒక్కొక్కటిగా అందిస్తోంది. కణుపులు ఉబ్బి, వేడికి ఎర్రబారిన చేతులు. అయినా గుడ్డ అంచు ఎక్కడా వంకరపోదు. బయట వేల్స్ లోయంతా గడ్డకట్టి ఉంది. ఈ లాండ్రీలో ఉన్నంతసేపే ఆమె ఒంటికి వెచ్చదనం. ఇల్లంతా వేడిచేసే ముసలి బాయిలరు గ్యాసు తాగేస్తుంది, గోడలు వేడిని నిలవనివ్వవు. దాన్ని ఆపేసి రెండు చలికాలాలైంది. ముందుగదిలో చలి కాచుకునే గ్యాసు మంట ఉంది కాని, అది డాక్టరో పాస్టరో వచ్చినప్పుడు వెలిగించడానికి. తను వంటింట్లో కోటు వేసుకుని కూర్చుంటుంది.

"గోళ్ళ నిండా ఆ తెల్లరంగేమిటే?" అవతలి చివర దుప్పట్లు మడతపెడుతున్న బెతి అడిగింది. పక్కింటి మనిషి. సర్కారువాళ్ళు ఉచితంగా గోడలకు చలి ఆపే పొర వేసి బాయిలరు మారుస్తారని, వెంటపడి నెస్టా చేత అర్జీ పెట్టించింది ఆవిడే.

"స్నానాలగదికి నిన్న కాస్త పూత వేశాను. మధ్యాహ్నం ఇల్లు చూడ్డానికి సర్వేయరు వస్తాడుగా."

"మతిగాని పోయిందా నీకు? చెమ్మకు గోడనిండా పట్టిన ఆ నల్లబూజు చూడ్డానికేగా అతనొచ్చేది! ఏ ఇల్లు ఎక్కువ పాడైతే దానికే ముందు చేస్తారు. ఈ ఒక్కపూటా మంట వెలిగించకు. అతని ఎదురుగా నాలుగుసార్లు దగ్గు."

"పిలవగానే రావడానికి దగ్గేమన్నా చుట్టమా?" నెస్టా నవ్వింది. నవ్వు దగ్గయి ఆమెను వంచేసింది.

"అదిగో, అదే! అతనికి వినిపించు."

"మురికి చూపించి ముష్టెత్తుకోమని మా అమ్మ నన్ను పెంచలేదే."

ఇంటికెళ్ళి ముందుగది మంట, దానితోపాటు బాయిలరూ వెలిగించింది. వారానికి సరిపడా ముందే డబ్బు కట్టి మీటరులో నింపుకున్న గ్యాసు. ఎండుద్రాక్ష రొట్టెలు కాల్చి, బంగారు అంచు కప్పులు తీసింది.

సర్వేయరు లావుపాటి, అలసిన మనిషి. గోడలు తడిమాడు, మేడమీదికీ వెళ్ళొచ్చాడు. "బూజేమైనా పడుతుందా అమ్మా?"

"మా ఇంట్లోనా?"

"నిజమే, ముచ్చటగా పెట్టుకున్నారు. పొద్దున చూసిన ఇంట్లో పసివాడి ఉయ్యాల పక్కనే గోడ నీరు కారుతోంది. అలాంటివి ముందు చేస్తాం. మీ వంతు వేసవికి వస్తుంది."

"వాళ్ళకే చెయ్యి నాయనా. ఇంకో రొట్టె తీసుకో."

అతను ఉన్నంతసేపూ దగ్గును గొంతులోనే నొక్కిపెట్టింది. వీధి తలుపు మూసుకున్నాక గోడ పట్టుకుని దగ్గింది. చీకటి పడే వేళకు మీటరులో గ్యాసు అయిపోయి, మంట నీలంగా కుదించుకుపోయి ఆరిపోయింది.

మర్నాడు ఇస్త్రీ యంత్రం దగ్గర దుప్పటి అందించే చెయ్యి లేదు. బెతి తన దగ్గరున్న తాళంచెవితో వెళ్ళి తలుపు తీసింది. నెస్టా ముందుగది కుర్చీలో, చల్లారిన మంట ఎదురుగా ఉంది. ఒంటి మీద కోటు, టోపీ. చలికి చేతులు రెండూ కోటు చేతుల్లోకి దూర్చుకుని ఉంది. అతిథి తాగిన కప్పు కడిగి బోర్లించి ఉంది.

బెతి చల్లబడి బిగుసుకుపోయిన ఆ చేతుల్ని చాలాసేపు పట్టుకుని కూర్చుంది. తరవాత మంచి దుప్పటి తెచ్చి కప్పుదామని మేడమీదికి వెళ్ళింది. స్నానాలగది తలుపు తెరిచే ఉంది. గోడ తెల్లగా మెరుస్తోంది. కిటికీ గట్టు మీద జాము సీసాలో, గడ్డకట్టిన నీళ్ళలో, మొన్నటి బ్రష్షు నిటారుగా నిలబడి ఉంది.