ఏడు గుంటల పెనం

మా అత్తవారింట్లో వంటగది వెనక తలుపుకి అడ్డంగా బరువైన గిన్నెల బీరువా ఒకటి ఉండేది. పెళ్ళయి వచ్చిన కొత్తలో ఎందుకని అడిగితే నా భర్త ఎస్బెన్ "గాలి" అన్నాడు. ఇసుక దిబ్బ దిగితే సముద్రమే కాబట్టి నేనూ సరేననుకున్నాను. కానీ ఆకు కదలని రోజుల్లో కూడా బీరువా వెనక తలుపు గడియ టక్కుమనేది. అత్తయ్య మారెన్ అప్పుడు చేతిలో పని ఆపి, చప్పుడు అణిగేదాకా గోడకేసి చూసేది.

ఎస్బెన్ అన్నయ్య థోర్కిల్ పదకొండేళ్ళ కిందట, డిసెంబరులో, పడవతో సహా మునిగిపోయాడు. శవం దొరకలేదు. నాకు చెప్పింది అంతే.

క్రిస్మస్ నెలలో ఊళ్ళో ఏ ఇంటి ముందు నడిచినా ఏలకులు, వెన్న కమ్మగా వాసన వేసేవి. మా ఇంట్లో మాత్రం ఎబుల్స్కివర్ ఊసెత్తేవారు కాదు. ఆ గుండ్రటి పొంగణాలు లేని డిసెంబరు నేను పుట్టి బుద్ధెరిగి చూడలేదు. మూడేళ్ళు ఓర్చుకున్నాను. నాలుగో ఏడు, క్రిస్మస్‌కి ముందు నాలుగు వారాలు జరుపుకునే అడ్వెంట్‌లో మొదటి ఆదివారం, అటక మీద పాత తెరచాప గుడ్డలో చుట్టిన పెనం దొరికింది. ఏడు గుంటలూ తుప్పు పట్టి ఉన్నాయి. ఉప్పేసి రుద్ది, వెన్న రాసి, పొయ్యి మీద పెట్టాను.

మధ్యాహ్నం మూడున్నరకే వెలుతురు పోతోంది. మజ్జిగతో కలిపిన పిండిలో తెల్లసొన నురగ కలిపి గుంటల్లో పోశాను. అల్లిక సూదితో మొదటిది తిప్పబోతే చిరిగిపోయింది.

"పొడవకు. అది పంది కాదు."

వెనక్కి తిరిగితే అత్తయ్య.

"తప్పయిపోయిందా అత్తయ్యా? తీసేయనా?"

ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది. "అంచు పట్టుకుని పావువంతు తిప్పు. పచ్చి పిండి కిందికి జారుతుంది. అది కాలాక ఇంకో పావు. మీ పట్నంలో వీటిని తింటారా, కిటికీలకేసి కొడతారా?"

నాకు నవ్వొచ్చింది. అప్పుడే ఎస్బెన్ రేవు నుంచి వచ్చాడు. గుమ్మంలోనే ఆగిపోయాడు.

"దించు, బోదిల్. ఆ పెనం దించు!"

బీరువా వెనక గడియ లేచింది. ఈసారి ఒక్క టక్కుతో ఆగలేదు. బయట ఎవరో ఓపిగ్గా, ఆగి ఆగి, ఎత్తుతున్నట్టుంది. బీరువాలో పళ్ళేలు సన్నగా వణికాయి. నా చేతిలో సూది జారి కింద పడింది.

అత్తయ్య దాన్ని తీసి, ఏప్రన్‌కి తుడిచి, తనే తిప్పసాగింది. "దించితే పచ్చిగా ఉండిపోతాయి," అంది.

ఎస్బెన్ గోడకి ఆనుకుని జారిపోయి నేల మీద కూర్చున్నాడు. "అమ్మా, ఆ రోజు నాకు జ్వరం లేదు. ఊరికే అన్నాను. నువ్వు ఇవి వండుతున్నావు, పొయ్యి దగ్గర వెచ్చగా ఉంది. చలిలో వలలు లాగడానికి మనసొప్పలేదు. అన్నయ్య ఒక్కడే వేటకి పోయాడు."

"నాకు తెలుసురా."

ఎస్బెన్ తలెత్తాడు.

"నీ నుదుటి మీద చెయ్యేసి చూడలేదూ? మంచులా ఉంది. అయినా వెళ్ళమనలేదు. ఆకాశం చూస్తే నాకు భయమేసింది. ఇద్దర్నీ ఆపాల్సింది. థోర్కిల్‌ని ఆపితే తిడతాడని, నిన్నొక్కణ్ణే ఆపుకున్నాను." సూది ఆగలేదు. "వాడు గుమ్మంలో బూట్లు తొడుక్కుంటూ, నాకు నాలుగుంచమ్మా అన్నాడు. వాణ్ణి తలుచుకున్నప్పుడల్లా, నీ మొహం చూడలేకపోయాను. నువ్వు నా మొహం చూడలేకపోయావు."

గడియ ఇంకా ఆడుతూనే ఉంది. ఎస్బెన్ లేచాడు. బీరువాకి భుజం పెట్టాడు. నేను రెండో వైపు పట్టుకున్నాను. ఏళ్ళ తరబడి పేరుకున్న దుమ్ములో నేలని గీసుకుంటూ అది పక్కకి జరిగింది. అతను తలుపు తీశాడు.

ఎవరూ లేరు. సముద్రం హోరు, చీకటి. మెట్టు మీది తడి ఇసుకలో బూటు గుర్తులు మాత్రం ఉన్నాయి. దిబ్బ వైపు నుంచి గుమ్మం దాకా వచ్చాయి. తిరిగి వెళ్ళినవి ఒక్కటీ లేదు.

నేను తలుపు మూయబోతే అత్తయ్య వద్దంది. నాలుగు పొంగణాలు పళ్ళెంలో పెట్టి, చక్కెర పొడి చల్లి, పక్కన జామ్ వేసి, బల్లకి ఆ చివర పెట్టి కూర్చుంది. ఎస్బెన్ వెళ్ళి ఆమె ఒళ్ళో తల పెట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆమె అతని జుట్టు నిమురుతూ చల్లారిపోయినవే రెండు తింది. పళ్ళెంలోవి తెల్లారేదాకా అలాగే ఉన్నాయి. వాటి మీద చక్కెర మాత్రం తడిసి ఉప్పగా మారింది.

ఇప్పుడు ప్రతి అడ్వెంట్‌కీ వండుతున్నాం. ఆ తలుపుకి అడ్డం ఏమీ పెట్టడం లేదు. గడియ చప్పుడు మళ్ళీ వినలేదు. నేను పిండి పోస్తున్నప్పుడు మాత్రం ఒక్కోసారి నా భుజం వెనక చలి పుడుతుంది. ఎస్బెన్ గమనిస్తాడు.

అత్తయ్యే అంటుంది. "కాస్త పక్కకి జరుగు బోదిల్. వాడు చలి కాచుకోనీ."