డెబ్బై ఏడో నంబరు

బాన్సువాడ దవాఖాన కంపౌండర్ సాంబమూర్తి మనిషిని ముట్టకుండానే రోగం రాసేవాడు. తలుపు దగ్గర నిలబడ్డవాడి వయసు, ఒంటిమీది అంగీ చూస్తే చాలు, ఆయన కలం కదిలేది. రిజిస్టరులో ఒక్కో జబ్బుకు ఒక్కో నంబరు. పేరు ఎదురుగా ఆ నంబరు పడిందంటే ఇక బ్రహ్మరాతే. ఆ పొద్దు లింగం తన కుడిచేతిని ఎడమచేత్తో మోసుకుంటూ లోపలికి వచ్చాడు.

"భుజం నొప్పా? నలభై దాటినయా?" అని అడిగి, జవాబు వినకముందే ముప్పై ఒకటి అని పైకి అంటూ వేసి, మందు సీసా ముందుకు తోశాడు సాంబమూర్తి.

"ముప్పై ఒకటంటే ఏంది సాబ్?" అంది వెనకే వచ్చిన లింగం భార్య గంగవ్వ.

"వాతం."

గంగవ్వకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఎక్కదా మరి! నాలుగు రోజుల కింద దొర బెల్లం కొట్టంలో నలుగురు కలిసి పెనం దించుతుంటే, అవతలివాడి కాలు జారి బరువంతా లింగం భుజం మీదికి వచ్చింది. లోపల నులక తాడు తెగినట్టు టప్పుమన్నదట. అప్పటి నుంచి ఆ చెయ్యి దానంతటది లేవదు. ఇంకొకరు పట్టి ఎత్తితే మాత్రం చెవి దాకా పోతుంది, వదిలితే దబ్బున పడుతుంది. వాతం పట్టిన భుజమైతే ఎవరు ఎత్తినా కదలక మొండికేస్తుంది. ఊళ్ళో బెణుకులన్నీ తోమే గంగవ్వకు ఇది చేతివేళ్ళతో తెలిసిన సంగతి. జీతం తీసుకుని కుర్చీలో కూర్చున్నవాడికి తెలియకపోతే ఎట్లా?

"ఏదో ఒకటి తియ్యే, నొప్పి నొప్పే గదా," అని లింగం సీసా అందుకుని లేవబోయాడు. మొగుడి మంచితనం చూసి గంగవ్వకు ఇంకా ఒళ్ళు మండింది. చావడి ముందు పదిమందిలో దొర అన్న మాట ఈయన అప్పుడే మరిచాడా? "దెబ్బ తగిలినోనికి మానేదాక వెట్టి మాఫీ. రోగమైతే మాత్రం ఇంట్లకెల్లి ఇంకొకరు రావాలె. దవాఖాన చీటీ తెండ్రి, సూస్త" అన్నాడు దొర. ఇంట్లో ఇంకొకరంటే ఎవరు? గంగవ్వ ఎట్లాగూ రోజూ దొర గడీలోనే చాకిరీ చేస్తోంది. మిగిలింది పన్నెండేండ్ల బిడ్డ పోసవ్వ. గడీలో పనికి పోయిన ఆడపిల్లల గతి ఏమైందో ఊరందరికీ తెలుసు. తెలిసీ ఎవరూ నోరు మెదపరు. అందరూ చేతగానివాళ్ళే.

"డెబ్బై ఏడు రాయుండ్రి," అంది గంగవ్వ.

సాంబమూర్తి కలం ఆగిపోయింది. "ఏందీ?"

"డెబ్బై ఏడు. నిరుడు పెద్ద దొరసాని స్నానాల బండ మీద జారి పడ్డప్పుడు గడీకొచ్చి మీరు రాసిన నంబరే. లోపల నరం తెగింది, దెబ్బ, డెబ్బై ఏడు అని మీ నోటితోనే సదివిండ్రు. గా చీటీ లోపలికి మోసింది నేనే."

"అది దొర తల్లి..."

"అయితే? భుజం దొరసానిదైతే తెగుతది, మా ఆయనదైతే వాతమా?"

ఆ కేకకు లోపలి గదిలోంచి డాక్టర్ బయటికి వచ్చాడు. "ఏం లొల్లి ఇది?" అన్నాడు చిరాగ్గా. గంగవ్వ మొగుడి చెయ్యి పైదాకా ఎత్తి వదిలింది. అది పడింది. లింగం "అమ్మా" అన్నాడు. డాక్టర్ తానే ఇంకోసారి ఎత్తి చూశాడు, భుజం మీద బొటనవేలు ఆనించి నొక్కాడు. తర్వాత కంపౌండర్ వైపు తిరిగి, "నంబర్ మార్చు," అన్నాడు.

"దొర ఏమంటడో సాబ్," అని గొణిగాడు సాంబమూర్తి.

"ఆ చెయ్యి దొరను అడిగి పడ్తుందా? రాయి!"

గంగవ్వ చీటీని కళ్ళ దగ్గర పెట్టుకుని చూసింది. చదువు రాదు కానీ, సర్కారు కాగితాల మీది ఉర్దూలో ఏడంకె ఆమెకు గుర్తే. చేతులు రెండూ పైకెత్తిన మనిషిలా ఉంటుంది. అట్లాంటి మనుషులిద్దరు పక్కపక్కన ఉన్నారు. అప్పటికి గానీ ఆమె అక్కడి నుంచి కదల్లేదు.

గడీ అరుగు మీద దొర ఆ చీటీ చదివి నవ్వాడు. "కంపౌండర్ మీద పడి రాయించుకొచ్చినవా? భుజం నొప్పికి గిన్ని యాషాలా? పొద్దుగాల పిల్లను తోలు."

అంతే. పదిమందిలో ఇచ్చిన మాట గాలికి పోయింది. పనివాళ్ళు తలలు దించుకున్నారు.

పక్కనే పీట మీద పెద్ద దొరసాని కూర్చుని ఉంది. రవిక తొడగడానికి, జడ వేయడానికి రోజూ ఎత్తినట్టే గంగవ్వ వెళ్ళి ఆమె కుడిచెయ్యి పట్టి చెవి దాకా ఎత్తింది. రోజూ మెల్లగా దించేది. ఇవాళ వదిలేసింది.

ముసలామె కేక గడీ గోడ దాటి వినబడింది. దొర చెప్పు తీసి లేచాడు.

"కొట్టు దొరా," అంది గంగవ్వ, అడుగు వెనక్కి వేయకుండా. "ముందుగాల గిది దెబ్బనో వాతమో చెప్పి కొట్టు. అమ్మగారిది దెబ్బయితే మా ఆయనది దెబ్బే. మా ఆయనది వాతమైతే ఏడాది సంది అమ్మగారు దొంగ యాషాలేస్తున్నట్టే."

దొర చెయ్యి గాలిలోనే ఉండిపోయింది. పనివాళ్ళంతా ఇప్పుడు తలలెత్తి చూస్తున్నారు. పెద్ద దొరసాని భుజం పట్టుకుని, పళ్ళ బిగువున, "దెబ్బనేరా," అంది కొడుకుతో. "దాని బిడ్డ జోలికి పోకు."

గంగవ్వ దొర చేతిలోంచి చీటీ తీసుకుని కొంగున ముడేసుకుంది. దండం పెట్టకుండానే మెట్లు దిగింది.

"రేపు నా చెయ్యి ఎవరెత్తుతరే?" అని వెనక నుంచి పెద్ద దొరసాని అరిచింది.

గంగవ్వ గడీ దర్వాజా దాటి తిరిగి చూసింది. "ఎవరెత్తినా లేస్తది దొరసానీ. దెబ్బంటే గదే గదా."