రేవు జట్టు ఎడమ వైపు

తోడల్లుడు బదిలీ మీద ఈ ఊరికి వచ్చి ఏడు నెలలైంది. ఈ ఏడు నెలల్లో అతని మీద నలుగురిలో చెప్పుకోదగ్గ ఫిర్యాదు ఒక్కటీ కటింగ్ మాస్టారికి దొరకలేదు. అసలు మంటంతా అక్కడే ఉంది.

తోడల్లుడంటే మాస్టారి భార్యకు చెల్లెలి మొగుడు. బస్సు డ్రైవరు. వయసులో పదేళ్లు చిన్న. తాగడు, పేకాడడు, "అన్నయ్యా" అని నోరారా పిలుస్తాడు. ముసలమ్మ ఎవరైనా బస్సెక్కితే ఆమె కూర్చునేదాకా బండి కదపడని ఊరంతా చెప్పుకుంటుంది. ఇవన్నీ మాస్టారు పళ్లబిగువున భరించాడు. భరించలేనిది ఒక్కటే, అతనికి ఫుట్‌బాల్ తెలుసు.

మాస్టారు పనిచేసేది యూనిఫారాలు కుట్టే కార్ఖానాలో. ఇరవై రెండు మిషన్లు, గది పొడుగునా ఒక కటింగ్ బల్ల. ఆదివారం మన జట్టుకి మ్యాచ్ ఉందంటే గురువారం పొద్దున్నే ఆ బల్ల వెనక గోడ మీద ఒక కాగితం ఉండేది. ప్యాటర్నులకు వాడే మందపాటి కాగితం మీద మైదానం గీసి, రాబోయే జట్టులో గోల్స్ కొట్టేదెవరు, ఎటునుంచి వస్తారు, ఎవరికి ఏ కాలు వాటం అన్నది మాస్టారు బాణాలతో, చుక్కలతో చూపించేవాడు. తొమ్మిదేళ్లుగా ఒక్క వారం తప్పలేదు. ఎదుటివాళ్ల డిఫెన్సు గురించి అడిగితే చెప్పేవాడు కాదు. "వాళ్ల వెనక వరస సంగతి మనవాళ్లు చూసుకుంటారు. మన కొంప ముంచేది వాళ్ల ముందు వరస" అనేవాడు.

టీ వేళకి అందరూ ఆ కాగితం దగ్గర చేరేవారు. కాజాలు కుట్టే పెద్దావిడని అక్కడ అందరూ కాజాల పిన్ని అంటారు. ఆవిడ కళ్లజోడు నుదుటి మీదకి నెట్టుకుని, "అయితే మాస్టారూ, ఈసారి మనల్ని ఎటునుంచి చీలుస్తారంటారు" అని అడిగేది. ఆ ఒక్క ప్రశ్న కోసం మాస్టారు సెలవు రోజుల్లో పొరుగూళ్ల మైదానాలకు పోయి ఎండలో మాడేవాడు.

ఈ ఏడాది అభిమానుల సంఘం వాళ్లు మ్యాచ్ రోజున గేటు దగ్గర పంచడానికి ఒక కరపత్రం వేద్దామనుకున్నారు. అందులో అర పేజీ 'రాబోయే జట్టు'. ఆ అర పేజీ తనదేనని మాస్టారు అనుకోవడమే కాదు, ఇంట్లో చెప్పేశాడు, కార్ఖానాలో చెప్పేశాడు, నల్ల సిరా పెన్నొకటి కొనుక్కున్నాడు కూడా. సంఘం పనులు చూసేది ప్రెస్సు ఆయన. సోమవారం మధ్యాహ్నం ఆయన కటింగ్ బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"ఏమనుకోకండి మాస్టారూ. రేవు జట్టు మ్యాచ్‌కి మీ తమ్ముడి చేత రాయిద్దామనుకుంటున్నాం."

"ఏ తమ్ముడు?"

"మీ తోడల్లుడండీ. మొన్న బస్సులో రేవు జట్టు గురించి చెప్తుంటే వింటూ కూర్చున్నాను. నేను దిగాల్సిన స్టాపు దాటిపోయింది."

"డ్రైవర్లు బండి నడుపుతూ మాట్లాడొచ్చా?"

ప్రెస్సు ఆయన నవ్వాడు. "ఈ ఒక్కసారికి చూద్దాం. జనానికి నచ్చితే సీజనంతా అతనే రాస్తాడు. నచ్చకపోతే ఆ అర పేజీ మీదే. సరేనా?"

మాస్టారు తలూపాడు. ఆ మధ్యాహ్నం ఆయన కోసిన కాలర్లలో నూలు పోగంత తేడా కూడా రాలేదు. ఒళ్లు మండితే ఆయన కత్తెర ఇంకా తిన్నగా నడుస్తుంది.

రేవు జట్టంటే మాటలు కాదు. ఐదు మ్యాచ్‌ల్లో పదహారు గోల్స్ కొట్టింది. ముందు వరసలో ముగ్గురున్నారు, ముగ్గురికీ పేర్లు పెట్టింది మాస్టారే. ఒకడు కొంగ, పొడుగాటి మెడ, గాల్లో వచ్చిన బంతి వాడి తలకి తప్పదు. మధ్యలో ఉండేవాడు గునపం, ఇద్దరు మీద పడ్డా దిగేసినట్టు నిలబడతాడు. మూడోవాడు జెర్రి. పొట్టిగా ఉంటాడు, ఎడమ అంచు పట్టుకుని పరుగెత్తుతుంటే వాడికెన్ని కాళ్లున్నాయో లెక్క తేలదు. పదహారు గోల్స్‌లో తొమ్మిది వాడి చలవే. పోయిన ఆదివారం మాస్టారు రేవుకి వెళ్లి ఇదంతా కళ్లారా చూసి వచ్చాడు.

శుక్రవారం సాయంత్రం మరదలు ఇంటికొచ్చింది. చేతిలో నాలుగు మడతలు పెట్టిన కాగితం.

"బావా, మీ తమ్ముడు దీన్ని మీకు చూపించి రమ్మన్నాడు. రేపు పొద్దున ప్రెస్సులో ఇవ్వాలట. తప్పులుంటే దిద్దమన్నాడు."

"తనే రావచ్చుగా?"

"డ్యూటీలో ఉన్నాడు. అయినా మీ ఎదురుగా కూర్చుని చూపించాలంటే భయమట."

"ఈయనకి భయపడే మనిషి ఉన్నాడని ఇన్నాళ్లకి విన్నాను" అంది లోపలినుంచి మాస్టారి భార్య.

మాస్టారు కాగితం విప్పాడు. దస్తూరీ గుండ్రంగా, అచ్చులా ఉంది. అదో మంట. గోల్స్ లెక్క సరిగ్గా ఉంది. కొంగ గురించీ గునపం గురించీ రాసింది ఆయన చూసిందే. తర్వాత జెర్రి గురించి ఒక వాక్యం: 'ఇతను మళ్లే ముందు ఒక భుజం దించుతాడు. దించిన వైపుకి ఎప్పుడూ వెళ్లడు.'

మాస్టారు అక్కడే ఆగిపోయాడు. కళ్లు మూసుకుని పోయిన ఆదివారం ఆట మళ్లీ నడిపించుకున్నాడు. నిజమే. తొంభై నిమిషాలు రెప్పవేయకుండా చూసి కూడా తను పట్టుకోలేకపోయిన సంగతిని, డ్యూటీ మధ్యలో రేవు దగ్గర బస్సాపుకుని ప్రాక్టీసు చూసే డ్రైవరు పట్టుకున్నాడు.

అప్పుడు కిందనున్న బొమ్మ వైపు చూశాడు.

ఇక్కడ కార్ఖానా పద్ధతి ఒకటి చెప్పాలి. సుద్ద గీతలు బయటికి కనబడకూడదని గుడ్డ లోపలి వైపు పైకి పెట్టి బల్ల మీద పరుస్తారు. అలా పరిచిన గుడ్డలో ఎడమ చేతి వైపు గీసిన ముక్క, చొక్కా కుట్టి తొడుక్కున్నాక కుడి పక్కకి పోతుంది. ముప్పై ఏళ్లు అలా చూసి చూసి మాస్టారి కళ్లు ఏ బొమ్మనైనా వాటంతటవే తిరగేసుకుంటాయి. గోడ మీద మైదానాలు కూడా ఆయన అలాగే గీసేవాడు. చదివేవాళ్లందరూ కుట్టేవాళ్లే కాబట్టి వాళ్లూ అలాగే తిరగేసి చదివేవారు. ఇన్నేళ్లలో ఒక్కరికీ అనుమానం రాలేదు.

డ్రైవరు జెర్రిని ఎడమ అంచున పెట్టాడు, పెట్టాల్సిన చోటే. మాస్టారి కళ్లకి మాత్రం అది కుడి అంచు.

దొరికాడు, అనుకున్నాడు.

"ఏమైనా ఉందా బావా?" అంది మరదలు. ఆమె చేతిసంచీ తాడు వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ నిలబడింది.

ఒక్క మాట చాలు. వాణ్ణి ఇటు కాదు, అటు పెట్టమను. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. మాస్టారు దాన్ని మింగేశాడు.

"ఏం లేదమ్మా. బాగుంది. దిద్దడానికేం లేదు."

"నిజంగానా?"

"ఇలాగే అచ్చు వేయించమను. గీత కూడా మార్చొద్దని చెప్పు."

ఆమె మొహం విప్పారింది. ఆమె వెళ్లాక భార్య గుమ్మంలోకి వచ్చింది. "నేను కొన్న కర్టెన్లకి మూడు వంకలు పెట్టిన మనిషి మీరు. అంత తేలిగ్గా బాగుందన్నారేంటి?"

"బాగుంటే బాగుందనొద్దా?"

ఆవిడ ఆయన మొహంకేసి కాసేపు చూసి లోపలికి వెళ్లింది.

ఆదివారం మైదానం నిండిపోయింది. గేటు దగ్గర కరపత్రాలు పంచుతున్నారు. కార్ఖానా వాళ్లంతా ఎప్పటిలా ఒకే వరసలో కూర్చున్నారు. కాజాల పిన్ని కరపత్రం విప్పి కళ్లజోడు పైకి నెట్టింది.

"ఇదేంటి మాస్టారూ, జెర్రిని ఇటు పెట్టాడు? గురువారం మీ కాగితంలో అటు ఉన్నాడుగా?"

పక్కనున్న ఇస్త్రీ బాబాయి కూడా తొంగిచూశాడు. "అవును. తిరగేసి వేశాడు."

"కొత్తవాడు కదా, పోనీలెండి" అన్నాడు మాస్టారు. ఆ 'పోనీలెండి' నోట్లో చక్కెరలా కరిగింది.

"పోనీలెండి అంటారేంటి? కింద మీరే ఉన్నారు" అంది పిన్ని.

బొమ్మ కింద సన్నటి అక్షరాలు. 'చూసి సరిచేసి ఇచ్చినవారు మా అన్నయ్య, కటింగ్ మాస్టారు.'

ఆట మొదలైనా మాస్టారి చూపు ఆ వరస మీంచి కదల్లేదు. ఇప్పుడు జెర్రి ఎడమనుంచి వస్తే డ్రైవరుతోపాటు తనూ నవ్వులపాలవుతాడు. కాసేపు గింజుకున్నాడు. చివరికి, తన పరువు పోయినా ఫరవాలేదు, వాడి పరువు పోతే చాలు అనిపించింది.

పన్నెండో నిమిషంలో జెర్రి ఎడమ అంచున బంతి అందుకున్నాడు. భుజం దించాడు, ఇంకో వైపు జారాడు, మధ్యలోకి కొట్టాడు. గునపం కాలు తగిలించాడు. గోల్. మైదానమంతా ఒక్కసారి మూగబోయింది.

మాస్టారి లోపల చల్లగా ఏదో పారింది. మన జట్టు గోల్ తింటే ఆయన సంతోషించడం తొమ్మిదేళ్లలో అదే మొదటిసారి.

ముందు బెంచీలో డ్యూటీ దిగి నేరుగా వచ్చిన నర్సు కూర్చుని ఉంది. పక్కావిడకి కరపత్రం చూపిస్తూ, "చూశావా, ఇందులో వేసినట్టే వచ్చాడు" అంది.

మాస్టారు ముందుకి వంగాడు. "ఎక్కడమ్మా? అందులో కుడివైపు వేస్తేనూ."

"కుడి ఎక్కడండీ? ఇదిగో, ఎడమ."

"సరిగ్గా చూడమ్మా."

నర్సు వెనక్కి తిరిగింది. రోజూ రోగులతో వేగే మనిషి, ఓపిగ్గానే అడిగింది. "మీ ఎడమ చెయ్యి ఎత్తండి. దాన్ని అలాగే తిన్నగా దించి ఈ కాగితం మీద పెట్టండి. ఇప్పుడు చెప్పండి, ఆ చేతి కిందున్నదెవరు?"

చేతి కింద జెర్రి ఉన్నాడు.

పిన్ని తన కాగితం మీద తన చెయ్యి పెట్టి చూసుకుంది. ఇస్త్రీ బాబాయీ పెట్టాడు. వరసంతా కాగితాల మీద ఎడమ చేతులు పెట్టుకుని కూర్చుంది.

"అయితే ఇన్నేళ్లు గోడ మీదున్నవన్నీ తిరగేసినవా?" అన్నాడు బాబాయి.

"మనకి తిన్నగానే ఉండేవిగా" అంది పిన్ని.

మాస్టారు తన చెయ్యి కాగితం మీంచి తీసేశాడు.

రెండో సగంలో మన కోచ్ జెర్రి మీద ఇద్దర్ని పెట్టాడు. కరపత్రం చూసి పెట్టాడో, ఆ గోల్ చూసి పెట్టాడో ఎవరికీ తెలియదు కానీ, కరపత్రం చూసే పెట్టాడని జనం తీర్మానించేశారు. అంతటితో ఆగలేదు. జెర్రికి బంతి అందినప్పుడల్లా మైదానం చుట్టూ గట్ల మీద కూర్చున్నవాళ్లందరూ ఒకే గొంతుతో, "భుజం దించాడు, అటు పోడు, అటు పోడు" అని అరవడం మొదలుపెట్టారు. రాసినవాడి వాక్యం వందల నోళ్లలో మోగుతుంటే మాస్టారికి చెవుల్లో సీసం పోసినట్టుంది. జెర్రి రెండుసార్లు బంతి పోగొట్టుకున్నాడు. మూడోసారి విసుగుతో గట్ల వైపు చూశాడు. చివర్లో మనవాళ్లు ఒకటి కొట్టారు. ఒకటి, ఒకటి. రేవు జట్టు చేతుల్లో ఓడకపోవడమే గెలుపు.

ఆట అయ్యాక గేటు దగ్గర మాస్టారి భుజం తట్టని వాళ్లు లేరు. 'సరిచేసి ఇచ్చినవారు' అందరూ చదివారు. ప్రెస్సు ఆయన జనాన్ని తోసుకుంటూ వచ్చాడు, వెనకే డ్రైవరు.

"వచ్చే వారం మిల్లు జట్టు" అన్నాడు ప్రెస్సు ఆయన. "అన్నదమ్ములిద్దరూ కలిసి రాయండి. ఇద్దరి పేర్లూ పైనే వేస్తాను."

"అన్నయ్య బాగుందని కబురు పంపబట్టి ధైర్యంగా ఇచ్చాను" అన్నాడు డ్రైవరు. "లేకపోతే చింపేసేవాణ్ణే."

పేర్లు పైన. కోరుకున్న అర పేజీ, సగమైనా సరే, చేతికందేంత దూరంలో ఉంది. కాస్త నవ్వి తలూపితే చాలు. మాస్టారు నవ్వబోయాడు, నవ్వు రాలేదు. డ్రైవరుని జబ్బ పట్టుకుని గోడ పక్కకి తీసుకెళ్లాడు.

"నేను ఏమీ సరిచెయ్యలేదు" అన్నాడు.

"సరిచెయ్యడానికి తప్పు లేదన్నారుగా, అన్నయ్యా."

"తప్పుందనుకున్నాను. జెర్రిని కుడి పక్కన పెట్టావనుకున్నాను."

"పెట్టలేదుగా."

"పెట్టలేదు. కానీ పెట్టావనుకునే, బాగుందని చెప్పి పంపాను."

డ్రైవరుకి అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. "ఎందుకని?"

"నువ్వు అందరి ముందూ నవ్వులపాలవుతావని."

డ్రైవరు పక్కన వెళ్లే జనం వైపు చూపు తిప్పుకున్నాడు. తర్వాత, "వదినకి తెలుసా?" అన్నాడు.

"అనుమానం ఉన్నట్టుంది."

"మా ఆవిడ ఆ రోజు ఇంటికొచ్చి, బావకి నా మీద ఎంత అభిమానమో అని చెప్పింది."

"ఏమంటారు మాస్టారూ?" గేటు దగ్గర్నుంచి ప్రెస్సు ఆయన కేకేశాడు. "ఇద్దరి పేర్లూ వేసెయ్యనా?"

తర్వాత మాట మార్చుకోవడానికి వీల్లేకుండా, నలుగురికీ వినబడేలా మాస్టారు గట్టిగా చెప్పాడు. "అర పేజీ అతనిదే. సీజనంతా అతనే రాస్తాడు. నా పేరు వెయ్యకండి."

చెప్పి నడిచాడు. వెనకనుంచి 'అదేంటన్నయ్యా' అన్న పిలుపు వస్తుందేమోనని నాలుగడుగులు నెమ్మదిగానే వేశాడు. రాలేదు. డ్రైవరు ప్రెస్సు ఆయనతో మాట్లాడుతున్నాడు. మిల్లు జట్టు సెంటర్ ఫార్వర్డు పెనాల్టీ కొట్టే ముందు గోల్ కీపర్ని కాదు, తన కుడి బూటునే చూసుకుంటాడట. అలా చూసుకున్న ప్రతిసారీ బంతి నేల మీంచే పోతుందట.

మాస్టారు అది కూడా గమనించలేదు.