లైన్లో ఉండండి

సినిమాకి రమ్మని వదిన అడిగినప్పుడు చిట్టి మోకాళ్ళ నొప్పులంది. వదిన వింటేనా? "మీ అన్నయ్య గురించి తీశారే! యూనియన్ వాళ్ళందరూ వస్తుంటే సొంత చెల్లెలివి నువ్వు రావా?" అని రెక్క పట్టుకుని బస్సెక్కించింది.

మధ్యాహ్నం ఆటకు హాలు సగం నిండింది. కథ సినిమా కాదది. ముప్పై ఏళ్ళ కిందటి ప్రెస్సు కార్మికుల సమ్మె మీద, దాన్ని ప్రభుత్వం అణిచేసిన తీరు మీద తీసిన డాక్యుమెంటరీ. చిట్టి అన్నయ్య ఆ సమ్మె నాయకుడు. ఎనిమిది నెలలు జైల్లో ఉండి, ఎడమ చెవి వినికిడి పోగొట్టుకుని తిరిగొచ్చాడు. ఆయన పోయి పదేళ్ళయింది. సమ్మె రోజుల్లో చిట్టి టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఆపరేటరు.

తెర మీద అన్నయ్య ఫొటో పడగానే వదిన మోచేత్తో పొడిచింది. "ఆ మీసాలు చూడు! నా దువ్వెనంతా వాటికే సరిపోయేది." నవ్వుతూనే కళ్ళొత్తుకుంది. చిట్టికి కాస్త ఊపిరాడింది.

అంతలో తెర నల్లబడింది. 'పోలీసులు దొంగచాటుగా రికార్డు చేసిన ఫోను' అని అక్షరాలు పడ్డాయి. గరగరమని చప్పుడు. వెంటనే ఒక ఆడగొంతు.

"లైన్లో ఉండండి, కలుపుతున్నాను."

చిట్టి కుర్చీలో కిందికి జారింది. హాలు నాలుగు మూలల నుంచీ వినిపిస్తున్నది తన గొంతే. దాని వెనకే అన్నయ్య గొంతు: "రేపు పొద్దున ఆరింటికి, కాగితం గోడౌను వెనక. మనవాళ్ళకి తప్ప ఎవరికీ చెప్పకు."

ఆ రోజు సూపర్‌వైజరు కుర్చీ వెనకే నిలబడి, ఫలానా నంబరు నుంచి వచ్చేవన్నీ పోలీసులు చాటుగా వినే చివరి లైనుకు తగిలించమన్నాడు. అది అన్నయ్య ప్రెస్సు నంబరు. ఒక్కసారి దగ్గి ఉంటే అన్నయ్య గ్రహించేవాడేమో. చిట్టి దగ్గలేదు.

ఇప్పుడు గొంతులో గరగర పుడుతోంది. దగ్గితే ఎవరైనా పోల్చుకుంటారేమోనని పైట నోట్లో కుక్కుకుంది. రెండు వరసల ముందు బట్టతలాయన వెనక్కి తిరిగాడు. చిట్టి తల దించుకుంది. ఆయన కింద పడ్డ కళ్ళజోడు వెతుక్కుంటున్నాడు. వదిన వైపు చూసే ధైర్యం రాలేదు.

లైట్లు వెలిగాక, సినిమా తీసినమ్మాయి మైకు అందుకుంది. "ఆ ఆపరేటరు ఎవరో మాకు తెలియలేదు. ఆ గొంతు మీలో ఎవరికైనా తెలుసా?"

వదిన లేచి నిలబడింది. చిట్టి కళ్ళు మూసుకుంది.

"పద, బస్సు పోతుంది," అంది వదిన.

వీధిలోకి దిగే మెట్ల మీద ఆగి, నెమ్మదిగా అడిగింది. "రోజూ వినే గొంతు, నాకు తెలీదనుకున్నావా? మీ అన్నయ్య ఫోనని తెలిసే కలిపావా?"

రోజుకి వందల ఫోన్లు, ఎవరిదేదో ఎలా తెలుస్తుందని అనొచ్చు. ఆ మాట ముప్పై ఏళ్ళుగా సిద్ధంగానే ఉంది. కానీ నోటికి వేరే మాట వచ్చింది.

"తెలిసే, వదినా. వాళ్ళు చెప్పినట్టు చెయ్యకపోతే నన్నూ తీసుకుపోతారని భయమేసింది."

"మీ అన్నయ్యకి చెప్పావా?"

"లేదు."

వదిన గోడకి ఆనుకుంది. "కింద వాటా టైలరే పట్టించాడనుకున్నాం కదే! మెట్ల మీద ఎదురైతే ఆ మనిషిని ఎన్నెన్ని మాటలన్నాను! నీ ముందే తిట్టేదాన్ని. నువ్వు కాఫీ తాగుతూ వినేదానివి."

చిట్టి మెట్ల కమ్మీ పట్టుకుంది.

"ముందు ఆయన దగ్గరికి పోదాం. నేను నోరు విప్పను. నువ్వే చెప్పు."

బస్సులో వదిన వేరే సీట్లో కూర్చుంది. ఇంటికి చేరాక టైలరు తలుపు కొట్టింది. లోపల కుట్టుమిషను ఆగింది. చెప్పుల చప్పుడు దగ్గరవుతుంటే చిట్టికి పారిపోవాలనిపించింది.

తలుపు తీసిన ముసలాయన వదినను చూసి అలవాటుగా ఒకడుగు వెనక్కి వేశాడు. చిట్టి గుమ్మంలో నిలబడే అంతా చెప్పింది. ఆయన మెడలోని టేపు తీసి, వేలికి చుట్టుకుంటూ చివరిదాకా విన్నాడు.

"మా ఆవిడ ఉన్నప్పుడు చెప్పాల్సిందమ్మా," అన్నాడు. "అది కూడా పట్టించింది నేనే అనుకుంటూ పోయింది."

లోపలికి రమ్మనలేదు, తలుపూ వెయ్యలేదు. వదిన అక్కడే గుమ్మం మీద కూలబడింది. చిట్టి ఆ పక్కన కూర్చోవాలో, వెళ్ళిపోవాలో తెలియక నిలబడిపోయింది.