మూడు చుక్కల అలిఫ్

కుక్కర్ రెండో విజిల్ వేసేసరికి ఆయన ఫోన్. "ప్రేమా, జెర మెట్టుగూడ గోడ కాడికి రా. నువ్వు గీసిచ్చిన ఉర్దూ తప్పున్నది."

ఒళ్ళు మండింది. ఇరవై రెండేళ్ళుగా 'శేఖర్ ఆర్ట్స్' బోర్డుల్లో తెలుగూ ఇంగ్లీషూ ఆయనవి, ఉర్దూ నాది. వంటింట్లో కింద కూర్చుని పాత పేపరు మీద గీసిస్తాను, ఆయన బోర్డు మీదికి ఎక్కిస్తారు. కింద మాత్రం శేఖర్ అని ఒక్క పేరే. ఉర్దూ ఎంత బాగుందండీ అని ఓసారి ఓ షాపాయన మెచ్చుకుంటే, ఈయన తనకి చిన్నప్పటి అలవాటని నవ్వేశారు. ఆ ఇద్దరికీ టీ పోస్తున్నది నేనే. మా అత్తగారు రోసమ్మకైతే నా రాత ఎప్పుడూ కూర మాడ్చే గీతలే.

నాకు నేర్పింది పక్కింటి అక్క, ఖుర్షీద్ ఆపా. ఉర్దూ పేపరుకి పేజీలన్నీ చేత్తో రాసేది. వెదురు కలంతో ఒక చుక్క పెట్టించి, అదే కొలతన్నది. ఉర్దూలో మొదటి అక్షరం అలిఫ్, నిలువు గీత; దాని ఎత్తు మూడు చుక్కలు. పేజీ అయ్యాక కింద మూలన తన పేరు రాయడం ఏనాడూ మరవలేదు.

గోడ దగ్గర, ఈయనతో కలిసి పని చేస్తున్న ఆర్ట్ కాలేజీ పిల్ల మేబెల్ స్ప్రే క్యాన్‌తో సికింద్రాబాద్ అని ఇంగ్లీషులో రాసింది. అక్షరాలు ఒకదానిమీద ఒకటి వాలి, ముందుకు జారుతున్నాయి. ఆపా చేతిలో చూసిన వాలే అది. నాకు ప్రాణం లేచొచ్చింది. పక్కన అదే పేరు ఈయన ఉర్దూలో. ఉర్దూ కుడి నుంచి రాయాలి, ఈయన తెలుగు అలవాటుకొద్దీ ఎడమ నుంచి మొదలుపెట్టారు. కుడివైపుకొచ్చేసరికి, అసలు ముందు రాయాల్సిన అక్షరానికి చోటే లేదు.

"నువ్వే జెర చిన్నగ గీయాల్సుండె," అన్నారు.

ఆ ఉర్దూ మీద ఆయన చేతనే సున్నం వేయించాను. అది ఆరేసరికి మధ్యాహ్నం దాటింది. మేబెల్ దగ్గర క్యాన్ తీసుకుని ఒక్కసారి నొక్కితే అరచేతంత చుక్క పడింది. దాంతోనే కొలుచుకుని, కుడిపక్క పైనుంచి దిగుతూ రాశాను. అలిఫ్‌కి మూడు చుక్కలు. ఇంత పెద్దగా రాయొచ్చని నాకిన్నేళ్ళూ ఎవరూ చెప్పలేదు.

"ఆంటీ, ఇది మీరా రాసేది?" మేబెల్ నోరు తెరిచింది. "మా దగ్గర గోడ దొరికితే ఫస్ట్ మా పేరే రాసుకుంటం. మీదేది?"

ఈయన బ్రష్ ముంచుకుని వచ్చారు. "అయిపాయె గదా. ఇంటికి పో, అమ్మకు ఆకలైతది. కింద పేరు నేను రాస్త."

"అన్నం కుక్కర్ల ఉన్నది. మీరు పోయి పెట్టుండ్రి," అన్నాను. "పేరు నేనే రాస్త."

క్యాన్ మళ్ళీ ఊపి, కుడి నుంచి మొదలుపెట్టాను. ప్రేమమణి.